మావయ్య గీసిన వక్రాలు

పోయిన నెలలో ఒక ఆదివారం, మా పత్రికాఫీసు డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి ఇంటికి వచ్చింది. కబుర్ల మధ్యలో కాఫీ కలిపి ఇచ్చాను. సగమే నింపిన గ్లాసులోకి తొంగి చూసి, "మేడమ్, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో కాఫీకి కూడా కాలమ్ సెంటీమీటర్ల లెక్కేనాండీ?" అంది. పత్రికలో ప్రకటనలకిచ్చే చోటు కొలిచే లెక్క అది. నవ్వేశాను. ఆ పిల్ల పైకి అనేసింది గానీ మనసులో అనుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన కూడా నన్ను పిసినారి ఇంట్లో పెరిగిన పిల్ల అనుకున్నాడట. ఎవరికీ కారణం చెప్పలేదు. చెప్పకూడదన్నది నేను చదువుకునే రోజుల్లో ఉన్న మా మేనమామ ఇంటి కట్టుబాటు. మావయ్య పోయి చాలాకాలమైంది. మొన్న వేసవిలో అత్తయ్య కూడా పోయింది. ఇప్పుడు దాచిపెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా గ్లాసులో పాలు సగానికి రాగానే నా చెయ్యి తనంతట తనే ఆగిపోతుంది.

మా ఊరు నిడదవోలుకి దగ్గర. డిగ్రీ చదువుకి నన్ను రాజమండ్రిలో మా మేనమామ ఇంట్లో పెట్టారు. మావయ్య వెంకటరత్నం, నేను చేరిన కాలేజీలోనే లెక్కల లెక్చరరు. వాళ్లకి పిల్లల్లేరు. గోదావరి గట్టుకి రెండు వీధులవతల పాత పెంకుటిల్లు, వెనక వంటపాక, పక్కన కరివేపాకు చెట్టు. గాలి అటు తిరిగిందంటే పేపరు మిల్లు వాసన ఇల్లంతా పట్టేసేది. లేకపోతే సుద్దముక్కల వాసన, అత్తయ్య కాచే డికాషన్ వాసన. వెళ్లిన మొదటి వారంలోనే నాకు ఆ ఇంటి పద్ధతులు వింతగా అనిపించాయి. ఏ గ్లాసూ, ఏ గిన్నే సగానికి మించి నింపేవారు కాదు. బంధువులు భోజనానికి వస్తే చారు ఉండేది కాదు, పెరుగు మాత్రం కత్తితో కోయాల్సినంత గట్టిగా తోడుకునేది. మావయ్య చొక్కాలకి బొత్తాలు పైపైన కుట్టి ఉండేవి, లోపల అత్తయ్య టిచ్ బటన్లు పెట్టింది. గడ్డం ఆవిడే గీసేది, వంటపాకలో, తలుపు దగ్గరగా వేసి. ఒకరోజు నేను చూసుకోకుండా లోపలికి వెళ్లాను. మావయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, అత్తయ్య చేతిలో రేజరు, ఆయన బుగ్గ నిండా నురగ. ఇద్దరూ దొంగల్లా నన్ను చూశారు. "చూసేశావు కదా, ఇంక నువ్వూ మా పార్టీయే. బయట నోరు జారావో, నీ జడ కత్తిరించేస్తాను" అంది అత్తయ్య. ఆవిడ కళ్లల్లో నవ్వు లేదు.

మావయ్య కుడిచెయ్యి వణికేది. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండేది కాదు. ఏదైనా పని చెప్పగానే మొదలయ్యేది. పెన్ను పట్టుకున్నా, గ్లాసు ఎత్తినా, అక్షింతలు వెయ్యడానికి చెయ్యి చాపినా. నలుగురు చూస్తున్నారంటే మరీ ఎక్కువ. కాకినాడ వెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుకున్నారు. ప్రాణానికేమీ ప్రమాదం లేదు, తగ్గుతుందని మాత్రం చెప్పలేం అన్నాడట ఆయన. ప్రాణం సంగతి కాదు వాళ్ల బెంగ. అంతకు ముందే అదే కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒకాయనకి గొంతు పోయింది. జీతం తగ్గించలేదు, మర్యాదలోనూ లోటు చెయ్యలేదు. లైబ్రరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, అంతే. ఆయన పుస్తకాల మీద ముద్రలు వేసుకుంటూ, పక్క గదిలో ఇంకొకరు తన పాఠం చెబుతుంటే కిటికీలోంచి వింటూ ఉండేవాడు. మావయ్య ఆ కిటికీ ముందు నుంచి వెళ్లకుండా చుట్టు తిరిగి స్టాఫ్ రూముకి వెళ్లేవాడు. మేం కాపాడుకోవాల్సిందల్లా ఒక్కటే, ఆయన నల్లబల్ల దగ్గర నిలబడే హక్కు. నాకు తెలిసి ఆయనకి ఇంకే సరదా లేదు. సినిమాలు లేవు, పేకాట లేదు. బోర్డు మీద ఒక్క ఊపులో గుండ్రటి సున్నా చుట్టి, వెనక్కి తిరిగి పిల్లల మొహాలు చూసే మాస్టారుగా ఊరంతా ఆయనకి పేరు. ఆ ఊపే పోయింది.

మామూలు పాఠాలకి ఆయన ఏవో ఉపాయాలు పెట్టుకున్నాడు. అక్షరాలు పెద్దపెద్దగా రాసేవాడు, పెద్ద అక్షరంలో వణుకు అంతగా కనబడదు. సరళరేఖకి చెక్క స్కేలు, వృత్తానికి చెక్క కంపాస్. రెండు చేతులతో అదిమిపెట్టి గీస్తే గీత నిలిచేది. రిజిస్టరులో సంతకం ఎవరూ రాకముందే పెట్టేసేవాడు. ఇన్ని ఉపాయాలూ చెల్లని చాప్టరు ఒకటుంది. ధ్రువ నిరూపకాల్లో వక్రాలు గీయడం. అవి స్కేలుకి లొంగవు, కంపాస్‌కి లొంగవు. చేత్తో గీయాల్సిందే. అత్తయ్యకి లెక్కలు రావు గానీ ఆ చాప్టరు పేరు మాత్రం బాగా తెలుసు. దసరా సెలవులు అయినప్పటి నుంచీ అడిగేది. "ఏవండీ, ఆ దరిద్రపు చాప్టరు ఎప్పుడొస్తుందండీ?" "శివరాత్రి దాటాక." "చాయిస్‌లో వదిలెయ్యకూడదా? పిల్లలు వేరే ప్రశ్న రాసుకుంటారు." మావయ్య కంచంలోంచి తలెత్తేవాడు కాదు. "నువ్వు కూరలో ఉప్పు చాయిస్‌లో వదిలేస్తావేంటే?" అనేవాడు. నేను మజ్జిగ కలుపుకుని తాగేసి లేచిపోయేదాన్ని.

ఆ శివరాత్రికి పట్టిసీమ వెళ్లాం. బస్సు దిగి, ఇసుకలో నడిచి, పడవెక్కి, వీరభద్రుడి గుడి మెట్లెక్కాం. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో కూడా పెద్దవాళ్లు దర్శనం అయ్యాక స్వామికి వీపు చూపించకుండా, ఆయన్నే చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచి గడప దాటుతున్నారు. మావయ్య దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తిరిగి ఇసుకలోకి వచ్చాక జనానికి దూరంగా తీసుకెళ్లి ఒక పుల్ల పాతాడు. "అమ్మడూ, ఇది ధ్రువం. నువ్వు ఇక్కడ నిలబడు. మామూలు గ్రాఫ్ అయితే కుడికి ఎన్ని, పైకి ఎన్ని అని అడుగుతాం. వీధీ, ఇంటి నంబరూ లాంటిది. ఇందులో అలా కాదు. ఎటు చూడాలి, ఎంత దూరం నడవాలి, రెండే ప్రశ్నలు. మన ఊళ్లో దారి అడిగితే, అదుగో ఆ కొబ్బరితోట వైపు, కూతవేటు దూరం అంటారు చూడు, అదే ఇది" అన్నాడు. కోణం చెబుతుంటే నేను తిరిగాను, దూరం చెబుతుంటే నడిచాను, ఆయన నా వెనకాలే మడమతో గీత లాగుతూ వచ్చాడు. ఎడమవైపు తిరిగాక దూరం మైనస్ వచ్చింది. నేను ఆగిపోయాను. మైనస్ దూరం ఎలా నడుస్తారు? "అందరూ తప్పుచేసేది ఇక్కడే. మొహం తిప్పకు. అటే చూస్తూ వెనక్కి నడు. ఇందాకా గుళ్లో చూశావు కదా, స్వామిని చూస్తూ వెనక్కి వచ్చినట్టు" అన్నాడు. వెనక్కి నడిచాను. అడుగు వెనక అడుగు వేస్తుంటే పెద్ద వంపు లోపల చిన్న వంపు ఒకటి వచ్చింది, మామిడికాయలో జీడి ఉన్నట్టు. లిమసాన్ అంటారు దాన్ని. ఆయన మడమ గీసిన గీత నున్నగా ఉంది, కాలికి వణుకు లేదు కదా. మావయ్య మొహంలో అలాంటి సంతోషం నేను మళ్లీ చూడలేదు. అంతలో ఎవరో పాత విద్యార్థి తండ్రట, "మాస్టారూ! ఎండలో ఏంటండీ ఈ ఆటలు? టీ తాగండి" అంటూ నిండు గ్లాసు చేతికివ్వబోయాడు. మావయ్య చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్లిపోయాయి. అత్తయ్య చటుక్కున ఆ గ్లాసు అందుకుని, "ఈయనకి ఇవాళ కటిక ఉపవాసమండి" అంది. ఆ ఉదయం ఆయన తిన్న అటుకులు నేనే పెట్టాను.

సోమవారం పాఠం మొదలైంది. మా క్లాసులో ఆడపిల్లలం ముందు రెండు బెంచీలు. మగపిల్లలు వెనక. వాళ్లలో చెప్పుకోవాల్సినవాడు రాంబాబు. యానాం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. ఊరి పేరు చెప్పగానే అందరూ అడిగేది అక్కడ చవగ్గా దొరికే మందు గురించే కాబట్టి ముందే చెప్పేసేవాడు, "ఆయ్, మా ఊళ్లో సీసాలే కాదండీ, మనుషులు కూడా ఉంటారండి." అల్లరివాడే గానీ లెక్కల్లో మొండివాడు. జవాబు వచ్చేదాకా వదిలేవాడు కాదు. మావయ్య మొదట గుండె ఆకారంలో ఉండే కార్డియాయిడ్ వేశాడు, మర్నాడు నాలుగు రేకుల గులాబీ, ఆ మర్నాడు లిమసాన్. గుర్తించాల్సిన బిందువులు సరిగ్గా పెట్టాడు. వాటిని కలిపేటప్పుడు చూడాలి. చెయ్యి ఎత్తగానే మొదలైంది. బిందువుకీ బిందువుకీ మధ్య గీత నిలకడగా సాగలేదు. చిన్నచిన్న అలలు అలలుగా సాగింది. ఎక్కడ తడబడతాడో అని నేను పెన్ను వదిలేసి, రెండు చేతులూ బెంచీ కింద బిగించుకుని కూర్చున్నాను. వెనక ఎవరైనా కిసుక్కుమంటారేమో అని చెవులు రిక్కించాను. ఎవరూ నవ్వలేదు. కాగితాల మీద పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టెక్కాం అనుకున్నాను. ఆ మూడు రోజులూ సాయంత్రం గేటు చప్పుడు కాగానే అత్తయ్య వాకిట్లోకి వచ్చి నా మొహం చూసేది. నేను తల ఊపేదాన్ని. ఆవిడ ఊపిరి వదిలి కాఫీకి లోపలికి వెళ్లేది.

వారం చివర్లో చిన్న పరీక్ష పెట్టాడు. లిమసాన్ గీయమన్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప వేసుకుని పేపర్లు దిద్దడానికి కూర్చున్నాడు. ఆయన చూసి మార్కు చెబితే నేను వెయ్యడం మాకు అలవాటు. మొదటి పేపరు చూసి ఏమీ చెప్పలేదు. పక్కన పెట్టాడు. రెండోదీ అంతే. మూడోది చేతిలోకి తీసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు. నేను వంగి చూశాను. లిమసాన్ సరిగ్గానే ఉంది. లోపలి చిన్న వంపు కుడివైపే పడింది. గీత మాత్రం చుట్టూ అలలు అలలుగా ఉంది. గబగబా మిగతావి తిరగేశాను. నాది తప్ప అన్నీ అంతే. కొందరివి చిన్న అలలు, కొందరివి పెద్దవి. ఒకమ్మాయి లేసు అంచులా ముద్దుగా వేసింది. రాంబాబు పేపరు అన్నిటికంటే శుభ్రంగా ఉంది. అలలన్నీ ఒకే కొలతలో వేసి, కింద లక్షణాలు రాసేచోట, ఈ వక్రం ఆది రేఖకి ఇరువైపులా ఒకేలా ఉంటుంది, ధ్రువం గుండా పోతుంది, దీని అంచు తరంగాల రూపంలో ఉంటుంది అని రాశాడు.

వాళ్లని తప్పుపట్టడానికి లేదు. పారాబోలా అయితే చిన్నప్పటి నుంచీ చూసినదే, అందులో అల కనబడితే ఇదేంటి అనుకునేవాళ్లు. ఈ వక్రాలు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒకదానికి రేకులొస్తున్నాయి, ఒకదాని లోపల ఇంకొకటి పుడుతోంది. అలలు కూడా వస్తాయి కాబోలు అనుకున్నారు. మాకు దొరికే పుస్తకంలో బొమ్మలు ఇంకు అలుక్కుపోయి మసిమరకల్లా ఉండేవి. మాస్టారు బోర్డు మీద వేసిందే వేదం.

మావయ్య పేపర్లన్నీ ఒక దొంతి చేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క పేపరుకీ మార్కు వెయ్యలేదు. గిన్నెలు తోముతున్న అత్తయ్య చప్పుడు ఆపి వచ్చి, తడి చేతులతో గుమ్మంలో నిలబడింది. విషయం నేనే చెప్పాను. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మంచిదే కదా. ఎవరికీ అనుమానం రాలేదన్నమాట" అంది.

"వీళ్లు యూనివర్సిటీ పరీక్షలో ఇలాగే గీస్తారే."

"మీకు మళ్లీ చూపించడమే కదా కావాలి? దీనిచేత వేయించండి. రేపు క్లాసులో భారతీ అని దీన్ని బోర్డు దగ్గరకి పిలవండి. నున్నగా గీస్తుంది. అందరూ ఇలా దిద్దుకోండి అనండి. అయిపోయింది."

"ఎందుకు దిద్దుకోవాలని అడిగితే?"

"మాస్టారు చెబితే దిద్దుకుంటారు, అడగరు" అంది అత్తయ్య. గొంతు తగ్గించి, "మొన్న సర్టిఫికెట్ మీద సంతకానికి ప్రిన్సిపాల్ గారు తన గదికే పిలిచారన్నారు. కళ్లజోడు మర్చిపోయానని తప్పించుకొచ్చారు. ఎన్నిసార్లు మర్చిపోతారండీ? ఆయనకి ఇప్పటికే అనుమానం. మీరు నిజాయితీ అనుకుంటూ ఏదైనా వాగారంటే, రేపట్నుంచి ఇంట్లో మీ మొహం నేను చూడలేను. ఆ లైబ్రరీ ఆయన మొహం చూశాను, చాలు" అంది. కోపం కాదు అది, భయం. మావయ్య నావైపు చూశాడు. "వేస్తావా అమ్మడూ?" అన్నాడు. వేస్తానన్నాను. సాయంత్రమంతా వంటపాక వెనక గచ్చు మీద సుద్దతో లిమసాన్లు గీశాను. అత్తయ్య పక్కనే నిలబడి ఒక్కొక్కటీ చూసి, "ఇక్కడ కొంచెం సొట్ట పడింది" అని తడిగుడ్డతో చెరిపేసేది.

మర్నాడు క్లాసులో అనుకున్నట్టే పిలిచాడు. నేను వెళ్లి ధ్రువం పెట్టి, ఆది రేఖ గీసి, బిందువులు పెట్టాను. మైనస్ వచ్చిన చోట ఆగి, మనసులోనే వెనక్కి నడిచి, లోపలి వంపు వేశాను. గీత ఎక్కడా చెదరలేదు. "ఇలా ఉండాలి. అందరూ నోట్సులో దిద్దుకోండి" అన్నాడు మావయ్య. మాట మామూలుగానే ఉంది గానీ నావైపు చూడలేదు. నేను సుద్ద పెట్టేసి వెనక్కి తిరిగేసరికి వెనక గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు. రౌండ్లకి రావడం ఆయనకి అలవాటే. లోపలికి వచ్చి చివరి బెంచీలో కూర్చోవడం మాత్రం ఎప్పుడూ లేదు. ఆ రోజు కూర్చున్నారు. "కానివ్వండి మాస్టారూ, నా కోసం ఆపకండి" అన్నారు. నేను నా బెంచీలో కూర్చున్నాను.

రాంబాబు లేచాడు. "మాస్టారండీ, చిన్న డౌటండి."

"తరవాత అడుగు" అన్నాడు మావయ్య.

"చిన్నదేనండి. అమ్మాయిగారు వేసిందాంట్లో అలలు రాలేదండి."

నాలుగైదు గొంతులు "అవునండీ" అన్నాయి. నా పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి పొడిచి, "నీది తప్పే. ఇన్నాళ్లూ లెక్కలన్నీ బాగానే చేసేదానివిగా" అని గొణిగింది. మావయ్య, "అక్కర్లేదు. ఇదే కరెక్టు" అన్నాడు. అక్కడితో కూర్చుంటే రాంబాబు ఎలా అవుతాడు?

"అలా అయితే మీరు వేసిన మూడింట్లోనూ ఎందుకొచ్చాయండి? నేను హాస్టల్లో కూర్చుని మధ్య మధ్య కోణాలన్నీ వేసి చూశానండి. లాగ్ టేబుల్స్ పెట్టి మరీ చూశానండి. అలలు ఎక్కడా రాలేదండి. నా లెక్కలోనే ఏదో తప్పుందనుకుని, దాన్ని కొట్టేసి, మీలాగే అలలు వేశానండి. తప్పెక్కడో తెలీడం లేదండి. చెప్పండి మాస్టారూ, పుణ్యం ఉంటుంది."

క్లాసు నవ్వింది. మావయ్య నవ్వలేదు. ఆయన తప్పించుకోడానికి దారులు లేకపోలేదు. మొన్న తొందరలో వేశాను అనొచ్చు. సుద్ద తడిగా ఉంది అనొచ్చు. గంట కొట్టేదాకా ఏదో ఒకటి చెప్పొచ్చు. చివరి బెంచీలో ప్రిన్సిపాల్ గారు చేతులు కట్టుకుని వింటున్నారు. నాకు ఆ క్షణంలో అత్తయ్య కనబడింది, వాకిట్లో నిలబడి నా మొహం చూస్తున్నట్టు.

"నీ లెక్కలో అలలు రాలేదా?" అన్నాడు మావయ్య.

"రాలేదండి."

"మరి నీ లెక్క నువ్వు ఎందుకు కొట్టేశావురా?"

"మీరు మాస్టారు కదండీ" అన్నాడు రాంబాబు. వాడి మొహంలో వెటకారం ఏ కోశానా లేదు.

మావయ్య బోర్డు దగ్గరికి వెళ్లి, నా బొమ్మ పక్కన అదే లిమసాన్‌కి బిందువులు పెట్టాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి ఎత్తాడు. ఈసారి పిల్లలకి అడ్డంగా నిలబడలేదు. అందరికీ కనబడేలా పక్కకి జరిగి గీయడం మొదలుపెట్టాడు. వణుకు అంతకు ముందు ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంది. సుద్ద బోర్డు మీద టకటకా కొట్టుకుంటోంది. సగంలో ముక్క విరిగి పడింది. వంగి తీసుకుని మళ్లీ గీశాడు. వక్రం మొదలైన చోటికే తిరిగొచ్చాక ఇటు తిరిగాడు.

"బిందువులు వక్రానివి. అలలు నా చేతివి. నాకు చెయ్యి వణుకుతుంది. రెండేళ్ల నుంచీ వణుకుతోంది. వక్రానికి ఏమీ లేదు, అది బాగానే ఉంది. రాంబాబూ, నీ లెక్క కరెక్టు."

ప్రిన్సిపాల్ గారు లేచి, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయారు.

ఆ తరవాత జరిగింది పెద్ద కథేం కాదు. ప్రిన్సిపాల్ గారు మంచివారే. సాయంత్రం మావయ్యని పిలిచి, ఈ ఏడు సిలబస్ పూర్తి చెయ్యండి, జూన్‌లో చూద్దాం అన్నారు. జూన్‌లో చూశారు. మావయ్యకి లైబ్రరీలో కుర్చీ వేశారు. అత్తయ్య నెల రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. "నేను చెప్పిన మాట విని ఉంటే" అనే మాట ఆవిడ నోట్లో చివరిదాకా ఉండిపోయింది. ఆవిడది తప్పని నేను ఇప్పటికీ అనలేను. నిజం చెప్పినందుకు మంచే జరుగుతుందని మేం పత్రికల్లో రాస్తాం గానీ, ఆ ఇంట్లో జరిగింది అది కాదు. ఆయన రిటైరయ్యేదాకా ఇంకొకరు తన పాఠం చెబుతుంటే విన్నాడు.

ఇప్పుడు మా పక్కింటి పిల్లాడు ఫోన్లో సమీకరణం కొట్టగానే లిమసాన్ వచ్చేస్తుంది, వెంట్రుకంత చెదరకుండా. చెయ్యి వణికే మాస్టారైనా తెర మీద చూపించి పాఠం చెప్పుకోవచ్చు. మా ఆఫీసులోనే ఒకాయనకి మావయ్యకున్న జబ్బే ఉంది. కీబోర్డు కొట్టేస్తాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేస్తాడు, ఎవరికీ పట్టదు. అప్పటికంటే ఇప్పుడే నయం, ఈ విషయంలో నాకు సందేహం లేదు. మావయ్య ఇప్పటివాడై ఉంటే వంటపాక తలుపు వేసుకుని గడ్డం గీయించుకునేవాడు కాదు. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసినది చెప్పాలి. తప్పు వార్త మొదటి పేజీలో వస్తుంది, దాని సవరణ లోపలి పేజీలో అడుగున, భూతద్దం పెట్టుకుంటే గానీ కనబడనంత చిన్నగా వస్తుంది. ఆ చిన్న సవరణ వెయ్యకుండా తప్పించుకోడానికి పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు గంటలకొద్దీ వాదించడం విన్నాను. అలాంటి వాదన జరిగిన ప్రతిసారీ నాకు బోర్డు మీద సుద్ద కొట్టుకున్న చప్పుడు వినబడుతుంది. నా గొప్పతనం ఏమీ లేదు, నేనూ ఆ వాదనల్లో మాట్లాడకుండా కూర్చున్నదాన్నే.

ప్రిన్సిపాల్ గారు వెళ్లిపోయాక ఆ పీరియడ్ ఇంకా కొంత మిగిలే ఉంది. మావయ్య చెయ్యి దాచుకోలేదు, బల్ల మీద పెట్టుకుని, "దిద్దుకోండర్రా, టైమ్ అవుతోంది" అన్నాడు. అప్పుడు ఒక్కొక్కరూ రబ్బరు తీశారు. చెరిపే చప్పుడు ముందు బెంచీల్లో మొదలై వెనక్కి పాకింది. నా పక్కనున్న అమ్మాయి చెరుపుతూ ముక్కు చీదుకుంది. మావయ్య బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి నోట్సూ వంగి చూస్తున్నాడు. రాంబాబు దగ్గర ఆగాడు. వాడు ఏమీ చెయ్యకుండా తలొంచుకుని కూర్చున్నాడు.

"ఏరా, దిద్దుకోవా?"

"నేను పెన్నుతో వేశానండి. చెరగదండి" అన్నాడు రాంబాబు. "పేజీ చింపెయ్యమంటారాండీ?"

మావయ్య వంగి ఆ బొమ్మని చూశాడు.

"చింపడం ఎందుకురా? అది అలా ఉండనీ. పక్కన ఇంకోటి వెయ్యి" అన్నాడు.